పీజీలో ఆకులు, మిర్చి నానబెట్టి వేప్ ఫ్లేవర్: కాయిల్ అట్టకట్టేస్తోంది, ఫిల్టర్ మారిస్తే చాలా?

ఆకుపసరు
వేప్ (ఈ-సిగరెట్)లో సొంత ఫ్లేవర్ కోసం ఎండు పుదీనా, ఎండు తులసి, మిరియాలు, ఎండుమిర్చి విడివిడిగా నానబెట్టాను. ఒక్కోదానికి 5 గ్రాములు, 50 మి.లీ. పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్, వేప్ ద్రవంలో వాడేది). మూత బిగించిన గాజు సీసాలు, 45 డిగ్రీల నీళ్ళలో 6 గంటలు, తర్వాత చీకట్లో ఒక వారం. కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి, 30/70 బేస్‌లో (పీజీ 30, వీజీ అంటే వెజిటబుల్ గ్లిజరిన్ 70) 10 శాతం కలిపాను. నికోటిన్ లేదు.

పుదీనాది గడ్డివాసన, చల్లదనం సున్నా. ఒక్క ట్యాంకు అయ్యేసరికి కాయిల్ (ద్రవాన్ని వేడిచేసే తీగ చుట్ట) మీద నల్లటి అట్ట. తులసిది వాసన బాగుంది, చివర్లో చేదు. మిర్చి, మిరియాలవి ఇంకా ట్యాంకులో పోయలేదు.

0.45 మైక్రాన్ సిరంజి ఫిల్టర్ వాడితే అట్ట ఆగుతుందా? మిర్చి ఎంత శాతంతో మొదలుపెట్టాలి?

కాయిల్‌మేస్త్రి
ఫిల్టర్‌తో ఆగదు. ఫిల్టర్ పట్టేది తేలే నలుసుని. మీ కాయిల్‌ని మాడుస్తున్నది కరిగిపోయి ఉన్న సరుకు.

ఆకులోంచి పీజీ వాసన ఒక్కదాన్నే లాగదు. చక్కెరలు, టానిన్లు, లవణాలు, ఆకుపచ్చ రంగు, కొంత మైనం, అన్నీ వస్తాయి. వీటిలో చాలావాటికి ఆవిరయ్యే గుణమే లేదు. కాయిల్ మామూలుగా నడిచేది 200 నుంచి 250 డిగ్రీల మధ్య. ఫ్రక్టోజ్ 110 దగ్గరే, గ్లూకోజ్, సుక్రోజ్ 160 దగ్గర మాడటం మొదలుపెడతాయి. పీజీ (188 డిగ్రీలు) ఎగిరిపోతుంది, ఇవి తీగ మీద మిగిలిపోతాయి. మిగిలిన పొర మీద ఇంకో పొర. అట్ట మందమయ్యాక ద్రవం తీగ దాకా రాదు, దాన్ని తీగకి అందించే దూది ఆరిపోతుంది. ఆరిన దూది దగ్గర వీజీ విరిగి అక్రోలీన్, ఫార్మాల్డిహైడ్ పుడతాయి. గొంతు పట్టేసే ఆ మాడు దెబ్బ అదే.

దూదివత్తి
ట్యాంకులో పోయకముందే తెలుసుకునే పద్ధతి ఉంది. గాజు పలక మీద ఒక పక్క ఉత్త పీజీ 5 చుక్కలు, ఇంకో పక్క మీ నానబెట్టినది 5 చుక్కలు. 80-90 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద, గాలి ఆడే చోట, ఆరేదాకా ఉంచండి. మంట వాడొద్దు, పీజీ ఆవిరి 100 డిగ్రీల దరిదాపుల్లో అంటుకోగలదు.

ఉత్త పీజీ ఉన్నచోట గాజు శుభ్రంగా మిగులుతుంది. రెండోచోట గోధుమరంగు మచ్చ, అంచున ముదురు వలయం, గోరుతో గీరితే జిగురుగా సాగేది మిగిలిందంటే, అదంతా కాయిల్ మీదకి రావాల్సినదే.

ఆకుపసరు
@దూదివత్తి చేశాను. పుదీనాది ముదురు వలయం. మిర్చిది ఇంకా ఘోరం, ఎర్రటి జిడ్డు మరక, గాజు వంచినా కదలట్లేదు.

పొగమబ్బు
మరీ భయపెట్టకండి. పొగాకు ఆకుని ఇలాగే పీజీలో నానబెట్టి, వడకట్టి వేప్ చేసేవాళ్ళు ఎప్పట్నుంచో ఉన్నారు. దాన్ని నెట్ (న్యాచురల్లీ ఎక్స్‌ట్రాక్టెడ్ టొబాకో) అంటారు. కాయిల్ తొందరగా పోతుంది, దూది మార్చుకుంటారు, అంతే. పొగాకుకి పనికొచ్చింది పుదీనాకి ఎందుకు పనికిరాదు?

కాయిల్‌మేస్త్రి
@పొగమబ్బు నెట్ వాళ్ళు కూడా అట్ట బాధ తీరిందని చెప్పరు. తిరిగి కట్టుకునే కాయిల్ మీద, రోజుకో దూదితో నెట్టుకొస్తారు. పైగా పొగాకు ఆకులోని నైట్రోసమైన్లు (కాన్సర్ కారకాలు) కూడా ఆ ద్రవంలోకి వస్తాయి. అలవాటుగా నడుస్తోంది కాబట్టి ఊపిరితిత్తులకు సరే అనుకోవడానికి లేదు.

రసాయని
అట్ట చిన్న సమస్య. పెద్దది నూనె. ఎవరూ ఎత్తలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆకుల్లో, మిరియాల్లో సువాసన ఉండేదే నూనెలో. మిర్చిలో ఎరుపు కూడా కొవ్వులో కరిగే రంగే. గింజలతో సహా నానబెడితే గింజ నూనె కొంత వస్తుంది. గాజు మీద కదలని ఎర్ర జిడ్డు అదే. తిన్న నూనెని పేగులు అరిగించుకుంటాయి. ఊపిరితిత్తుల గాలి సంచుల్లో నూనెని అరిగించే ఏర్పాటు లేదు. రక్షక కణాలు దాన్ని మింగి, లోపలే ఉబ్బి కూర్చుంటాయి. లిపాయిడ్ న్యుమోనియా అంటే అదే. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు వరసగా బయటపడినప్పుడు ప్రధానంగా దొరికిన దోషి విటమిన్ ఇ అసిటేట్, అదీ నూనెలాంటిదే. 2020 ఫిబ్రవరి 18 నాటికి అక్కడి సీడీసీ (వ్యాధి నియంత్రణ సంస్థ) లెక్క: ఆస్పత్రి పాలైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి 2807 మంది, అందులో మరణాలు 68. ఎక్కువ కేసులు గంజాయి సారం కలిపిన కాట్రిడ్జ్‌లవి. కానీ ఆ పదార్థం కూడా తినే మాత్రల్లో, చర్మానికి రాసే క్రీముల్లో మామూలుగా వాడేదే. నోటికీ చర్మానికీ పనికొచ్చింది ఊపిరికి పనికిరాలేదు.

మీ సీసాలో నూనె ఉందో లేదో చూడాలంటే 1 మి.లీ. తీసి 10 మి.లీ. చల్లటి నీళ్ళలో వేయండి. పాలలా తెల్లబడితే నీళ్ళలో కలవని నూనో, రెజినో ఉన్నట్టే. మిరియాలది తెల్లబడే అవకాశం ఎక్కువ. నీళ్ళు తేటగా ఉంటే నూనె అసలే లేదని మాత్రం దీంతో తేలదు, ఇది ముతక పరీక్ష.

మిరపటోపీ
నూనె మాట ఒప్పుకుంటాను. గింజలు తీసేసి, తొక్క మాత్రం నానబెట్టి, 0.5 శాతం కలిపితే? కొంచెం గాటు తగిలితే మామిడి ఫ్లేవర్‌కి అదిరిపోతుంది. రోజూ తినే వస్తువే కదా, అర శాతానికి ఏమవుతుంది?

రసాయని
@మిరపటోపీ లెక్క చూద్దాం. మిర్చికి కారాన్నిచ్చే పదార్థం కాప్సైసిన్. అది స్వచ్ఛంగా ఉంటే 1 కోటి 60 లక్షల స్కోవిల్ (కారం కొలమానం). మీ ఎండుమిర్చి 30 వేల స్కోవిల్ అనుకుందాం. అంటే గ్రాముకి సుమారు 1.9 మిల్లీగ్రాముల కారం. 5 గ్రాముల్లోదంతా 50 మి.లీ. పీజీలోకి దిగితే మి.లీ.కి 0.19 మిల్లీగ్రాములు. మోలార్‌లో (ద్రవంలో గాఢత కొలమానం) చెప్పాలంటే 600 మైక్రోమోలార్ పైన.

ఇప్పుడు ఇది చూడండి. దగ్గు మీద పరిశోధనల్లో మనుషులకి కావాలని దగ్గు తెప్పించడానికి వాడేది కాప్సైసిన్ తుంపరే. 0.5 మైక్రోమోలార్ దగ్గర మొదలుపెట్టి, రెట్టింపు చేసుకుంటూ 1000 దాకా పెంచుతారు. ఒక్కో మోతాదు ఒక్క శ్వాస. ఆపాల్సివస్తే ఆపడానికి పక్కన వైద్య సిబ్బంది ఉంటారు. మీ ఉత్త సారం ఆ నిచ్చెనకి పైమెట్ల దగ్గర ఉంది. అర శాతానికి తగ్గించినా 3 మైక్రోమోలార్, అంటే నిచ్చెన మీదే. పైగా అక్కడ ఒక్క శ్వాస, ఇక్కడ రోజంతా పఫ్‌లు. నెబ్యులైజర్‌నీ (తుంపర చేసే పరికరం) వేప్‌నీ నేరుగా పోల్చలేం, నిజమే. అయినా "అర శాతమే కదా" అన్న మాట ఎంత అమాయకమో తెలియడానికి ఈ లెక్క చాలు.

నాలుక మీద కారం తెలిసే గ్రాహకమే, టీఆర్‌పీవీ1, శ్వాసనాళాల నరాల మీద కూడా ఉంది. అక్కడ అది మండితే దగ్గు, నాళాలు బిగుసుకోవడం. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇంకా ప్రమాదం. పెప్పర్ స్ప్రేలో ఉన్నది మిర్చి సారమే, ఏ పని కోసం ఎంచుకున్నారో గుర్తుపెట్టుకోండి.

తూకంరాళ్ళు
ఆ లెక్కలో 30 వేలు అన్నది ఊహ. అసలు చిక్కు అక్కడే. ఒకే మొక్క కాయల మధ్యే కారం తేడా ఉంటుంది. నీళ్ళు తక్కువైన మొక్క కాయ ఒకలా, ఎక్కువైన మొక్క కాయ ఒకలా. కారం ఎక్కువ చేరేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. మిరపటోపీ గారు గింజలు తీస్తే నూనె తగ్గుతుంది గానీ, ఆ పొర మిగిలితే కారం అలాగే ఉంటుంది. ఇంట్లో కారం మోతాదు కొలిచే సాధనం లేదు. నాలుక మీద చుక్క వేసి చూసి ఊపిరి మోతాదు నిర్ణయించలేం. ఈ సీసాలో 0.5 శాతం వచ్చే సీసాలో 2 శాతంతో సమానం కావచ్చు.

కాయిల్‌మేస్త్రి
ఇంకోటి. కాప్సైసిన్ పీజీలా సులువుగా ఎగిరేది కాదు. ద్రవం తగ్గేకొద్దీ దూదిలో, అట్టలో పేరుకోవచ్చు. మొదటి పఫ్‌లు బాగున్నాయని ధైర్యం తెచ్చుకుంటే ట్యాంకు అడుగుకొచ్చేసరికి సంగతి వేరుగా ఉంటుంది. గదిలో ఉన్న మిగతావాళ్ళ కళ్ళ గురించి కూడా ఆలోచించాలి.

మిరపటోపీ
సరే, ఒప్పుకున్నాను. కారం పక్కన పెట్టేద్దాం. కానీ నాకు కావాల్సింది మిర్చి రుచి. దానికి దారే లేదా?

నిశాచరి
@మిరపటోపీ ఉంది, కారాన్నీ వాసననీ విడదీసి చూస్తే. కాప్సైసిన్‌కి వాసనంటూ లేదు, అది మంట మాత్రమే. పచ్చి కాప్సికమ్ కోసినప్పుడు వచ్చే వాసన వేరే అణువుది, పిరజిన్ జాతిది: 2-ఐసోబ్యుటైల్-3-మిథాక్సీపిరజిన్. మన ముక్కు దాన్ని నీళ్ళలో లక్ష కోట్లలో 2 వంతులున్నా పట్టేస్తుంది. అందుకే ఫ్లేవర్ కంపెనీలు దాన్ని బాగా పలచన చేసి అమ్ముతాయి. పీజీలో కరిగిన, నూనె లేని కాప్సికమ్ కాన్సంట్రేట్ తీసుకుని 0.1 శాతం నుంచి మొదలుపెట్టండి. 0.5 దాటితే మామిడి మునిగిపోయి పచ్చి కూరగాయ వాసన మిగులుతుంది.

మిరియాలకీ ఇదే సూత్రం. ఘాటు పైపెరిన్‌ది. అది 130 డిగ్రీల దగ్గర కరిగే ఘన పదార్థం, కాయిల్‌కి రెజిన్‌తో సమానం. వాసన మాత్రం కారియోఫిలీన్ లాంటి టెర్పీన్లది (మొక్కల్లోని సువాసన అణువులు), రోటండోన్‌ది. మిరియం ఛాయ కావాలంటే కాన్సంట్రేట్ 0.25 శాతం చాలు.

పొగమబ్బు
అంటే సహజమైన ఆకు వద్దు, ఫ్యాక్టరీ రసాయనం ముద్దు అంటున్నారు. ఇది నాకు మింగుడుపడట్లేదు. ఆకులో ఏముందో తరతరాలుగా తెలుసు.

నిశాచరి
తాగడానికీ తినడానికీ తెలుసు. పీల్చడానికి తెలియదు. తులసినే చూడండి. యూజినాల్‌తో పాటు మిథైల్ యూజినాల్ ఉంటుంది, రకాన్ని బట్టి చాలా ఎక్కువగా కూడా. అమెరికా ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) 2018లో కృత్రిమ మిథైల్ యూజినాల్‌ని ఆహార ఫ్లేవర్ల అనుమతుల నుంచి తీసేసింది. అదే ఉత్తర్వులో పుదీనా జాతి నూనెల్లో ఉండే పులెగోన్‌ని కూడా. మిథైల్ యూజినాల్‌ని 2023లో ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ పరిశోధన విభాగం) 2ఎ వర్గంలో, అంటే మనుషులకి కాన్సర్ కారకం అయ్యే అవకాశం గట్టిగా ఉన్న జాబితాలో పెట్టింది. ఆకు నానబెడితే ఇవెంత వస్తున్నాయో మీకు తెలియదు. ఒకే అణువు ఉన్న సీసాలో కనీసం ఏముందో, ఎంతుందో తెలుసు.

అలాగని ఫ్యాక్టరీ ఫ్లేవర్లన్నీ మంచివని కాదు. ఆహార ఫ్లేవర్ మీద "సురక్షితం" అని ఉంటే అది తినడానికి. వెన్న వాసన ఇచ్చే డైఅసిటైల్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులని పాడుచేసిన సంగతి 2000లో మిస్సోరిలో బయటపడింది. వాళ్ళు దాన్ని తిని జబ్బుపడలేదు, పీల్చి పడ్డారు.

తూకంరాళ్ళు
కొనేముందు భద్రతా పత్రం అడిగి సిఎఎస్ నంబర్లు (ఒక్కో రసాయనానికి ఉండే గుర్తింపు సంఖ్యలు) చూడండి. 431-03-8 డైఅసిటైల్, 600-14-6 అసిటైల్ ప్రొపియోనిల్. ఈ రెండూ ఉంటే వదిలేయండి. 513-86-0 అసిటోయిన్, నిల్వలో కొంత డైఅసిటైల్‌గా మారగలదు, అదీ వద్దు. క్యారియర్ (ఫ్లేవర్‌ని కరిగించిన ద్రవం) 57-55-6 (పీజీ) అయి ఉండాలి. ఎంసీటీ (ఇదీ నూనే), కూరగాయ నూనె అని కనిపిస్తే అది చాక్లెట్ చేసేవాళ్ళ ఫ్లేవర్. పత్రం ఇవ్వని చోట కొనకండి.

ఆకుపసరు
ఆకు, మిర్చి రెండూ మానేస్తున్నాను. కానీ పుదీనా ఎందుకు చల్లగా లేదు? అది మాత్రం అర్థం కాలేదు.

నిశాచరి
@ఆకుపసరు మామూలు పుదీనా స్పియర్‌మింట్ జాతిది. దాని వాసన కార్వోన్‌ది, మెంథాల్ నామమాత్రం. ఎంత నానబెట్టినా లేని చల్లదనం రాదు. చల్లదనం మెంథాల్‌ది, అది పెప్పర్‌మింట్‌లో ఎక్కువ. ఎండబెట్టేటప్పుడు ఎగిరిపోయేదీ వాసనే, మిగిలేది గడ్డి. మీ గడ్డివాసనకి కారణం అదే.

దూదివత్తి
చల్లదనం కావాలంటే మెంథాల్ స్ఫటికాలు. ఫార్మా గ్రేడ్, 99 శాతం పైన స్వచ్ఛత ఉన్నవి.

10 గ్రాముల స్ఫటికాలు, 90 గ్రాముల పీజీ. 0.01 గ్రాము చూపించే తూకం మీద, బరువుతోనే. చుక్కల లెక్క వద్దు, చుక్క సైజు సీసా మూతిని బట్టి మారుతుంది. మెంథాల్ 42 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి సీసాని 50 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు ఉంచి మధ్యమధ్య ఊపితే చాలు. పొయ్యి మీద పెట్టొద్దు. మూత తీసేటప్పుడు ముఖం పక్కకి తిప్పండి, కళ్ళు మండుతాయి. చిన్న పిల్లలున్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

ఇది 10 శాతం ద్రావణం. బేస్‌లో దీన్ని 3 శాతం కలిపితే తుది మెంథాల్ 0.3 శాతం, తేలిక చల్లదనం. 5 శాతం కలిపితే స్పష్టంగా తెలుస్తుంది. 10 దాటితే గొంతు మొద్దుబారి, ఎంత పీలుస్తున్నామో తెలియకుండా పోతుంది. అది మంచిది కాదు.

గ్రాముల్లో: 30 గ్రాముల సీసాకి మెంథాల్ ద్రావణం 1.5, పీజీ 7.5, వీజీ 21. గడ్డివాసన లేని స్పియర్‌మింట్ కోరితే ఆ పీజీలోంచి 0.3 గ్రాము తగ్గించి స్పియర్‌మింట్ కాన్సంట్రేట్ వేయండి.

కాయిల్‌మేస్త్రి
ట్యాంకు గాజుదేనా? మెంథాల్, దాల్చినచెక్క, సోంపు, నిమ్మ జాతి ఫ్లేవర్లు పాలీకార్బొనేట్, యాక్రిలిక్ ట్యాంకులని పగలగొడతాయి. ముందు మసకబారుతుంది, తర్వాత సన్నటి గీతలు, తర్వాత జేబులో కారుతుంది. దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ శ్వాసనాళాల కణాలకి కూడా విషమని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. ప్లాస్టిక్‌ని తినేస్తుందన్న కారణంతోనే కాదు, అందుకోసం కూడా నేను దాన్ని ఎవరికీ చెప్పను.

మిరపటోపీ
మరి నానబెట్టిన నాలుగు సీసాలు పారబోయాలా? పాపం.

తూకంరాళ్ళు
పారబోయక్కర్లేదు, పీజీ యూఎస్‌పీ (ఔషధ ప్రమాణం) లేదా ఆహార గ్రేడ్ అయితే. తాగే వాటిలో చుక్కలుగా వాడుకోవచ్చు. పీజీకి రోజువారీ పరిమితి శరీర బరువు కిలోకి 25 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 1.5 గ్రాములు. గ్లాసు నిమ్మరసంలో అర గ్రాము మిర్చి సారం వేస్తే గాటు నాలుకకే చేరుతుంది, అదే దాని చోటు. మిరపటోపీ గారికి ఆ సీసా పంపించండి.

ఇకముందు తాగడానికే చేసేటట్టయితే పీజీ బదులు వీజీ వాడండి. ఎండు ఆకు 10 గ్రాములు, వీజీ 70 గ్రాములు, మరిగించి చల్లార్చిన నీళ్ళు 30 గ్రాములు. నీళ్ళు లేకపోతే వీజీ చిక్కదనానికి వడకట్టడం నరకం. తుది ద్రవంలో వీజీ 60 శాతానికి తగ్గకూడదు, తగ్గితే బూజు. పచ్చి ఆకులో 80 శాతం పైనే నీళ్ళు, అందుకే పచ్చిది వేస్తే విడిగా నీళ్ళు కలపొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి, పులిసిన వాసనో, బుడగో కనిపిస్తే పారేయండి.

దూదివత్తి
సీసాల మీద "తాగడానికి మాత్రమే, పీల్చొద్దు" అని పెద్దగా రాయండి. వేప్ సీసాలూ ఇవీ ఒకే అరలో పెట్టొద్దు. రెండూ 30 మి.లీ. డ్రాపర్ సీసాలైతే చీకట్లో చెయ్యి మారుతుంది.

పొగమబ్బు
నెట్ విషయంలో నా అభిప్రాయం నాదే. మిర్చి లెక్క మాత్రం కాదనలేను. నూనె పరీక్ష నా పొగాకు సారానికి కూడా చేసి చూస్తాను.

రసాయని
@పొగమబ్బు చేయండి, గాజు పలకదీ చేయండి. రెండూ కలిపి చూస్తేనే విషయం తెలుస్తుంది.

ఆకుపసరు
మెంథాల్ ద్రావణం చేశాను, తేటగా ఉంది. ఫ్రిజ్‌లో పెడితే అడుగున సూదుల్లాంటివి కనిపిస్తున్నాయి. పాడైందా?

దూదివత్తి
పాడవలేదు, చలికి మెంథాల్ మళ్ళీ స్ఫటికం కట్టింది. 50 డిగ్రీల నీళ్ళలో పెట్టి ఊపితే కరుగుతుంది. సూదులు పూర్తిగా పోయాకే తూకం వేయండి, లేకపోతే పైన తేటలో మెంథాల్ తక్కువ, అడుగున ఎక్కువ వస్తుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, ముదురురంగు గాజు సీసాలో, గది వేడిలో, ఎండ తగలకుండా ఉంచండి.